ఆసనం ఖాళీగానే ఉండనివ్వండి

తథాగతుడు తన తర్వాత సంఘానికి నాయకుడిగా ఎవరినీ నియమించలేదు. మరచిపోయి కాదు, సమయం చాలక కాదు. అడిగినవాళ్లకు కాదని చెప్పి మరీ తీసుకున్న నిర్ణయం అది. బుద్ధ పూర్ణిమ సభల్లో, ధమ్మచక్ర ప్రవర్తన దినం సభల్లో ఈ మాట మనం గర్వంగా చెప్పుకుంటాం. పీఠాధిపతులు వాళ్లకున్నారు, మనకు లేరు అంటాం. చప్పట్లు కొడతాం.

చప్పట్లు ఆగాక ఒక ప్రశ్న వేసుకోవాలి. బుద్ధుడి పేరు పెట్టుకున్న సంస్థలన్నీ ఆయన ఖాళీగా వదిలిన ఆసనాన్ని ఖాళీగానే ఉంచాయా? ఉంచలేదు. గత యాభై అరవై ఏళ్లలో పేరుమోసిన కొన్ని బౌద్ధ సంస్థలు ఆ ఆసనం మీద ఒక మనిషిని కూర్చోబెట్టాయి. ఆయన పోయాక ఆయన చెప్పిన మనిషిని, ఆ మనిషీ పోయాక మొదటి ఆయన కొడుకుని కూర్చోబెట్టాయి. దాని ఫలితం నమ్మి వచ్చిన స్త్రీల మీద, యువకుల మీద పడింది.

మేము చెప్పదలచింది ఒక్కటే. ధమ్మ నాయకత్వం ఒక వ్యక్తి నుంచి ఇంకో వ్యక్తికి ఆస్తిలాగా అందడం ధమ్మానికే విరుద్ధం. మంచి మనిషిని కూర్చోబెడితే అంతా సర్దుకుంటుందనేది భ్రమ. దోషం కూర్చున్న మనిషిలో మాత్రమే లేదు, ప్రశ్నకు అందకుండా కట్టిన ఆ ఆసనంలోనే ఉంది. ఇది గాలిలో చెప్పే మాట కాదు గనుక, పేర్లతో, సంవత్సరాలతో మాట్లాడుకుందాం.

గురువు, ప్రతినిధి, కొడుకు

శంభల అనే బౌద్ధ ఉద్యమం ఉత్తర అమెరికాలో పెరిగింది. మన పల్లెలకు, మన వాడలకు అది చాలా దూరం. అయినా దాన్నే ఎందుకు ఎంచుకున్నామంటే, ఒకే సంస్థలో అధికారం మూడుసార్లు ముగ్గురి చేతుల్లో ఉంది. ముగ్గురి కాలంలోనూ ఒకే రోగం బయటపడింది.

స్థాపకుడు చోగ్యం త్రుంగ్పా టిబెట్‌లోని ఖామ్ ప్రాంతంలో పుట్టారు. పసివాడిగా ఉన్నప్పుడే ఒక పూర్వపు లామా పునర్జన్మగా గుర్తించి సుర్మాంగ్ మఠాలకు అధిపతిని చేశారు. 1959లో చైనా సైన్యం నుంచి తప్పించుకుని హిమాలయాలు దాటి భారతదేశం వచ్చారు. 1963లో చదువు కోసం ఆక్స్‌ఫర్డ్ వెళ్లారు. 1970లో అమెరికా చేరారు. 1973లో వజ్రధాతు అనే సంస్థను, 1974లో కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ పట్టణంలో నారోపా విద్యాసంస్థను స్థాపించారు. మేధావి, గొప్ప వక్త. కవులు, ఆచార్యులు ఆయనకు శిష్యులయ్యారు. ఆయన పుస్తకాలు ఇప్పటికీ చదువుతున్నారు. ఇవన్నీ నిజాలే.

మిగతావీ నిజాలే. ఆయన విపరీతంగా తాగేవారు, వేదిక మీద కూడా. శిష్యురాళ్లతో లైంగిక సంబంధాలు పెట్టుకున్నారు, దాచుకోనూ లేదు. పంచశీలలో రెండు శీలాలు ఇలా బహిరంగంగా భంగమవుతుంటే దానికి 'వెర్రి ప్రజ్ఞ' అని అందమైన పేరు పెట్టారు. గురువు చేసేది మామూలు నీతికి అందదని, శిష్యుడికి తప్పుగా కనిపించేది శిష్యుడి అజ్ఞానమేనని బోధించారు. 1975లో ఒక శిక్షణ శిబిరంలో డబ్ల్యూ. ఎస్. మెర్విన్ అనే పేరున్న కవి, ఆయన సహచరి విందు నుంచి తమ గదికి వెళ్లిపోయారు. గురువు ఆజ్ఞ మీద శిష్యులు తలుపు బద్దలుకొట్టి ఆ ఇద్దరినీ బలవంతంగా కిందికి తెచ్చారు. అందరి ముందూ బట్టలు ఊడదీశారు. అక్కడున్నది చదువుకున్న జనం, ధ్యానం చేసే జనం. ఆ తర్వాత కూడా గురువు గురువుగానే ఉన్నారు.

మరుసటి ఏడాదే, 1976లో, ఆయన తన వారసుణ్ణి ప్రకటించారు. థామస్ రిచ్ అనే అమెరికన్ శిష్యుడికి ఓసెల్ తెండ్జిన్ అని పేరుపెట్టి 'వజ్ర ప్రతినిధి'గా నియమించారు. 1987 ఏప్రిల్‌లో త్రుంగ్పా మరణించారు. సంస్థ మొత్తం ప్రతినిధి చేతికి వచ్చింది. 1988 డిసెంబరులో అసలు సంగతి లోకానికి తెలిసింది. ప్రతినిధికి హెచ్‌ఐవీ ఉంది. తెలిసి కూడా ఏ జాగ్రత్తా లేకుండా లైంగిక సంబంధాలు కొనసాగించారు. ఒక యువకుడికి, అతని నుంచి అతని స్నేహితురాలికి ఆ వ్యాధి సోకింది. ఇంకా దారుణం, సంస్థ పెద్దల్లో కొందరికి ప్రతినిధి వ్యాధి సంగతి ముందే తెలుసు. తెలిసి నోరు మెదపలేదు. బయటపడ్డాక తప్పుకోమంటే ఆయన తప్పుకోలేదు. సంఘం రెండుగా చీలింది. 1990లో ఆయన చనిపోయాక గానీ ఆ అధ్యాయం ముగియలేదు.

ఇంత జరిగాక ఏం చేయాలి? వ్యక్తికి అధికారం ఇచ్చే పద్ధతినే పక్కన పెట్టాలి. వాళ్లు చేసింది వేరు. నియమితుడు చెడ్డవాడైతే రక్తసంబంధీకుడు మంచివాడవుతాడని అనుకున్నారు. త్రుంగ్పా పెద్ద కొడుకు 1962లో మన బుద్ధగయలోనే పుట్టారు. సంస్థ పగ్గాలు ఆయనకు అప్పగించి, 1995లో 'సాక్యోంగ్' అనే బిరుదుతో సింహాసనం ఎక్కించారు. ఆ టిబెటన్ మాటకు అర్థం భూమిని కాపాడేవాడు, అంటే రాజు. సాక్యోంగ్ మిఫంగా ఆయన చుట్టూ రాజదర్బారు వెలిసింది. సేవకులు, అంగరక్షకులు, బిరుదులు, వరుస ప్రకారం వంగి నమస్కారాలు. రాజ్యాన్ని, భార్యను, కొడుకును వదిలి వచ్చిన సిద్ధార్థుడి పేరుతో రాజ్యం, రాకుమారుడు, పట్టాభిషేకం! ఇందులో వింత ఏమిటో వాళ్లకు కనిపించలేదు.

2018లో ఆ సంస్థలోనే పెరిగిన ఒక మహిళ చొరవతో బాధితుల కథనాలు నివేదికలుగా వెలువడ్డాయి. ఆ ఏడాది జూన్ చివర వచ్చిన నివేదికలో సాక్యోంగ్ మీదే స్త్రీల ఆరోపణలున్నాయి. జులైలో పాలకమండలి మొత్తం రాజీనామా చేసింది. ఆయన బాధ్యతల నుంచి పక్కకు జరిగారు. తన వల్ల స్త్రీలు బాధపడ్డారని ఒప్పుకుని క్షమాపణ లేఖ రాశారు. నేరారోపణలను మాత్రం ఆయన న్యాయవాది ఖండించారు. ఆయన మీద నేరం రుజువు కాలేదన్న మాట కూడా ఇక్కడ చెప్పడం న్యాయం. అయితే సంస్థ స్వయంగా నియమించుకున్న న్యాయ సంస్థ విచారణ జరిపి, ఫిర్యాదుల్లో కొన్ని నమ్మదగినవేనని 2019 ఫిబ్రవరిలో తేల్చింది. అదే నెలలో ఆయనకు ఏళ్ల తరబడి అంతరంగిక సేవ చేసిన ఆరుగురు తాము చూసింది బహిరంగ లేఖగా రాశారు. ఆయన మళ్లీ బోధనకు వస్తున్నారని తెలిసి, ఆ సంస్థలో అందరికంటే పేరున్న భిక్షుణి పేమా చోడ్రన్ 2020 జనవరిలో తన ఆచార్య పదవిని వదులుకున్నారు.

తెలిసినవాళ్లు ఎందుకు మాట్లాడలేదు?

ఈ కథలో మనం నిలబడి చూడవలసింది తప్పు చేసినవాళ్లను కాదు. తప్పు చేసేవాళ్లు ఎక్కడైనా ఉంటారు. చూడవలసింది తెలిసి ఊరుకున్నవాళ్లను. వాళ్లు దుర్మార్గులా? కాదు. చాలామంది నిజాయితీగా ధ్యానం చేసినవాళ్లే, ఇల్లూ వాకిలీ వదిలి సంస్థకు సేవ చేసినవాళ్లే. మరి ఎందుకు ఊరుకున్నారు?

మొదటి కారణం ప్రమాణం. ఆ సంప్రదాయంలో గురువుతో శిష్యుడికి 'సమయ' అనే బంధం ఉంటుంది. దాన్ని తెంచుకుంటే ఘోరమైన నరకం తప్పదని భయం. ప్రశ్నించడమే పాపమైన చోట ఫిర్యాదు ఎలా పుడుతుంది?

రెండోది ఉపాధి, హోదా. పక్కనున్న ప్రతివాడి బిరుదూ ఆ ఆసనం నుంచే వచ్చింది. ఆసనం కదిలితే తన కుర్చీ కూడా పోతుంది.

మూడో కారణం వీటన్నిటికంటే లోతైనది. ప్రతినిధిని నియమించింది గురువు. ప్రతినిధి తప్పు చేశాడంటే, సర్వం తెలిసిన గురువు తప్పు మనిషిని ఎంచుకున్నాడని ఒప్పుకోవాలి. నియమించిన చేతిని తప్పుపట్టకుండా నియమితుణ్ణి తప్పుపట్టడం కుదరదు. గురువు తప్పు చేయడని నమ్మినవాళ్లకు ఇక మిగిలిన దారి ఒక్కటే, బాధితులను అనుమానించడం. వారసత్వం చేసే అసలు పని ఇదే. అది కుర్చీతో పాటు 'తప్పు చేయనివాడు' అనే ముద్రను కూడా ఒకరి నుంచి ఒకరికి అందిస్తుంది. కొడుకు విషయంలో ఇది ఇంకా గట్టిపడుతుంది. ఓటుతో వచ్చినవాణ్ణి ఓటుతో దించవచ్చు. రక్తంతో వచ్చినవాణ్ణి దేనితో దించుతాం?

పుట్టుకతో అధికారం వస్తుందన్న మాట వినగానే మనకు కోపం రావాలి. ఆ మాటను తిప్పికొట్టడానికే కదా మన తాతలు, తండ్రులు దీక్ష తీసుకున్నది! పుట్టుకతో ఒకడు పూజ్యుడంటే, పుట్టుకతో ఇంకొకడు నీచుడన్న మాట కూడా దాని వెనకే వస్తుంది. చాతుర్వర్ణ్యం తలుపు దగ్గర ఆపి, వారసత్వాన్ని కిటికీలోంచి రానిస్తే మనం సాధించింది ఏమిటి?

మనకు దగ్గరి ఉదాహరణ

అది వజ్రయానం, అది పాశ్చాత్యుల గొడవ, మాకెందుకు అనే పాఠకులుంటారు. అలాంటివారి కోసం మనకు దగ్గరైన పేరు చెబుతాం. సంఘరక్షిత. ఆంగ్లేయుడు, అసలు పేరు డెనిస్ లింగ్‌వుడ్. బాబాసాహెబ్‌ను కలిసి మాట్లాడినవారు. 1956 డిసెంబరులో బాబాసాహెబ్ మహాపరినిర్వాణ వార్త వచ్చినప్పుడు నాగపూర్‌లో ఉండి, దీక్ష తీసుకుని రెండు నెలలు కూడా కాని జనానికి ధైర్యం చెప్పినవారు. 1967లో ఇంగ్లండులో ఆయన మొదలుపెట్టిన ఉద్యమం తర్వాత త్రైలోక్య బౌద్ధ మహాసంఘ సహాయక గణ పేరుతో మన దేశంలోకి వచ్చింది. ఇప్పుడు దాని పేరు త్రిరత్న. నాగపూర్‌లోని నాగలోకంలో అనేక రాష్ట్రాల దళిత యువత ధమ్మ శిక్షణ పొందింది. ఈ రుణాన్ని మనం కాదనం.

కానీ 1970లు, 80లలో యువ శిష్యులతో ఆయన లైంగిక ప్రవర్తన గురించి 1997లో గార్డియన్ పత్రిక రాసింది. ఆధ్యాత్మిక గురువుగా తనకున్న పలుకుబడి అక్కడ పనిచేసిందని శిష్యులుగా ఉన్నవారు బాధతో చెప్పారు. తాను నొప్పించినవారిని, హాని చేసినవారిని క్షమించమని ఆయన బహిరంగంగా అడిగింది 2016 డిసెంబరు చివర్లో. మధ్యలో 19 ఏళ్లు! 2018లో ఆయన మరణించారు.

ఇక్కడ గమనించవలసిన తేడా ఒకటి ఉంది. సంఘరక్షిత తన ఆసనాన్ని ఒక్క మనిషికి ఇవ్వలేదు. 2000లో తన బాధ్యతను కొందరు ఆచార్యుల మండలికి అప్పగించారు. శంభల కంటే ఇది ఎంతో మేలు. అయినా గురువు గురించిన ప్రశ్నకు సూటిగా జవాబు రావడానికి అన్నేళ్లు పట్టింది. ఎందుకని? మండలిలోని వాళ్లందరూ ఆయన తయారుచేసినవాళ్లే, ఆయన చేత దీక్ష పొందినవాళ్లే. కాబట్టి ఆసనాన్ని పదిమందికి పంచితే చాలదు. ఆ పదిమందినీ, వాళ్ల గురువునూ కింద కూర్చున్నవారు అడగగలిగే దారి ఉండాలి. ఆ దారి కొత్తగా కనిపెట్టనక్కర లేదు. 2500 ఏళ్ల కిందటే వేసి పెట్టారు.

తథాగతుడు వేసిన దారి

సంఘ నాయకత్వాన్ని తనకు వారసత్వంగా ఇమ్మని మొదట అడిగింది దేవదత్తుడు. భగవానుడు ముసలివాడయ్యాడు, విశ్రాంతి తీసుకుంటాడు, సంఘాన్ని నేను చూసుకుంటాను అన్నాడు. వెనక అజాతశత్రువు అండ ఉంది. సారిపుత్త, మొగ్గల్లానులకే ఇవ్వనిది నీకెలా ఇస్తానని బుద్ధుడు తిరస్కరించాడు. బౌద్ధ చరిత్రలో వారసత్వం కోరిన మొదటివాడే మొదటి ద్రోహి కూడా. ఈ రెండూ ఒకే మనిషిలో కలవడం యాదృచ్ఛికం కాదని మా అభిప్రాయం.

చివరి వర్షావాసంలో భగవానుడు జబ్బుపడి కోలుకున్నాక, సంఘం గురించి ఏదైనా చెప్పకుండా వెళ్లిపోరని నమ్మకంగా ఉన్నానని ఆనందుడు అన్నాడు. తాను సంఘాన్ని నడుపుతున్నానని గానీ, సంఘం తన మీద ఆధారపడిందని గానీ తథాగతుడు అనుకోడని భగవానుడు చెప్పాడు. గురువు గుప్పిట్లో దాచుకున్నది ఏమీ లేదని చెప్పాడు. ఎవరికి వారే దీపమై ధమ్మాన్ని శరణు పొందమన్నాడు. రహస్య బోధ లేదంటే, ఆ రహస్యానికి వారసుడు కూడా ఉండడు. మహాపరినిబ్బానం తర్వాత మగధ మంత్రి వస్సకారుడు ఆనందుణ్ణి సూటిగా అడిగాడు, మీకిప్పుడు పెద్ద ఎవరు అని. ఎవరూ లేరు, ధమ్మమే మాకు శరణు అని ఆనందుడి జవాబు. పాతికేళ్లు పక్కనే ఉండి సేవ చేసిన ఆనందుడే నేను వారసుణ్ణి అనలేదు. రాజగృహ సంగీతికి పెద్దరికం వహించిన మహాకస్సపుడు కూడా ప్రశ్నలు అడగడానికి సంఘం అనుమతి తీసుకున్నాడు.

ఆసనం ఖాళీగా వదిలి బుద్ధుడు చేతులు దులుపుకోలేదు. దాని చుట్టూ పద్ధతులు కట్టాడు. వర్షావాసం ముగిసిన రోజు పవారణ జరుగుతుంది. ప్రతి భిక్ఖువూ చేతులు జోడించి, నాలో మీరు చూసిన, విన్న, అనుమానించిన తప్పు ఏదైనా ఉంటే చెప్పండని సంఘాన్ని కోరాలి. చిన్నవాళ్లే కాదు, పెద్దలందరూ. ఒక పవారణ నాడు స్వయంగా తథాగతుడే, తన నడతలో, మాటలో నిందించదగ్గది ఏమైనా ఉందా అని భిక్ఖువులను అడిగాడు. సమ్మాసంబుద్ధుడు అడిగిన ప్రశ్నను అడగడానికి మన కమిటీ అధ్యక్షులకు నామోషీ ఎందుకు?

స్త్రీ సాక్ష్యం సంగతి చూద్దాం. వినయంలో అనియత నియమాలని రెండున్నాయి. భిక్ఖువు ఒక స్త్రీతో చాటున ఒంటరిగా కూర్చున్నాడని నమ్మదగిన ఉపాసిక చెబితే, సంఘం విచారణ మొదలుపెట్టాలి. మొదటి నియమం పుట్టిందే విశాఖ ఉదాయిని చూసి నిలదీయడం వల్ల. ఒక గృహస్థురాలి మాటకు భిక్ఖువు మీద విచారణ జరిపించే బలం ఉంది! గృహస్థుణ్ణి అవమానించిన భిక్ఖువు సంగతీ ఉంది. చిత్త గృహపతిని నొప్పించిన సుధమ్ముణ్ణి, వెళ్లి ఆయన్ను క్షమాపణ అడుగమని సంఘం తీర్మానించింది. చీవరం ముందు గృహస్థుడు వంగాలన్నది నిజమే. తప్పు చేసినప్పుడు చీవరం గృహస్థుడి ముందు వంగాలన్నదీ అంతే నిజం.

ఇక కోసంబి. అక్కడి భిక్ఖువులు తగవులాడుకుని భగవానుడి మాటే వినలేదు. ఆయన వాళ్లను వదిలి పారిలేయ్యక వనానికి వెళ్లిపోయాడు. అప్పుడు ఆ ఊరి ఉపాసకులు ఏం చేశారు? భిక్ఖువులకు నమస్కారం మానేశారు, లేచి నిలబడడం మానేశారు, భిక్ష పెట్టడం మానేశారు. దాంతో భిక్ఖువులు దిగివచ్చి రాజీపడ్డారు. గిన్నెలో అన్నం వేసే చేతికి ఎంత శక్తి ఉందో కోసంబి గృహస్థులకు తెలుసు. మనం మరచిపోయాం.

ఈ సంగతి మన నేలకు కొత్తది కాదు. అమరావతి స్తూపం తొలి దశ శిల్పాల్లో బుద్ధుడి రూపం ఉండదు. ఖాళీ ఆసనం, పాదముద్రలు, చక్రం, బోధివృక్షం ఉంటాయి. చుట్టూ జనం చేతులు జోడించి ఉంటారు. ఆ జనం మొక్కుతున్నది ఎవరూ కూర్చోని ఆసనానికి. కృష్ణా తీరంలో మన శిల్పులు చెక్కిన ఆ రాయిని మనం బొమ్మగా చూస్తున్నాం. నియమంగా చూడాలి.

బాబాసాహెబ్ హెచ్చరిక

బాబాసాహెబ్ తన 'బుద్ధుడు - అతని ధమ్మం' గ్రంథంలో బుద్ధుడు వారసుణ్ణి నియమించడానికి నిరాకరించిన విషయాన్ని ప్రత్యేకంగా ఎత్తి చూపారు. ధమ్మానికి ధమ్మమే వారసత్వం కావాలన్నది దాని సారం. అంతకు ముందు, 1949 నవంబరు 25న రాజ్యాంగ సభలో చివరి ప్రసంగంలో, తీర్మానాలు, కోరం, ఓటింగు లాంటి సభా పద్ధతులు మన దేశంలో భిక్ఖు సంఘాలకు తెలుసని గుర్తుచేశారు. అదే ప్రసంగంలో భక్తి గురించి హెచ్చరించారు. మతంలో భక్తి మోక్షానికి దారి కావచ్చు గాని, రాజకీయాల్లో వీరారాధన నియంతృత్వానికి దారి అన్నది ఆయన మాటల భావం. ధమ్మ సంస్థ కూడా అధికారం, డబ్బు, మనుషులు ఉన్న చోటే. అక్కడ కూడా ఆ హెచ్చరిక వర్తిస్తుంది. ఆయన తలపెట్టిన రిపబ్లికన్ పార్టీ 1957లో ఏర్పడింది. కొన్నేళ్లకే ముక్కలైంది. నేను అసలు వారసుణ్ణంటే నేను అసలు వారసుణ్ణని నాయకులు తగవులాడుకుంటే ఏమవుతుందో మనకు పుస్తకాల్లో చదివి తెలుసుకోవలసిన అవసరం లేదు.

మూడు అభ్యంతరాలు

ఇలాంటివి రాస్తే మనువాదుల చేతికి ఆయుధం ఇచ్చినట్టేనని మొదటి అభ్యంతరం. ఆయుధం ఇచ్చేది తప్పు చేసినవాడు, దాచినవాడు. రాసినవాడు కాదు. 2017లో గుర్మీత్ రామ్ రహీమ్‌కు, 2018లో ఆశారామ్‌కు అత్యాచార కేసుల్లో శిక్షలు పడినప్పుడు మనం ఎంత గట్టిగా మాట్లాడామో గుర్తుచేసుకోండి. కాషాయం కట్టిన బాబాను అడిగిన నోరు చీవరం ముందు మూసుకుంటే, మన పోరాటం న్యాయం కోసమా, బట్ట రంగు కోసమా?

ఆయన ఎంతో మంచి చేశారు కదా అన్నది రెండోది. చేశారు. మంచిని మంచి ఖాతాలో రాద్దాం. ఆ ఖాతాలోంచి తీసి తప్పుల అప్పు తీర్చడం కుదరదు. పైగా ఆ అప్పు ఇచ్చినవాళ్లు వేరు. గాయపడిన అమ్మాయికి, గురువు రాసిన మంచి పుస్తకం నష్టపరిహారం కాదు.

నాయకుడు లేకపోతే ఉద్యమం చెదిరిపోతుందన్నది మూడోది, అన్నిటికంటే గట్టిది. దీన్ని తేలిగ్గా తీసిపారేయలేం. అధికారంలో ఉన్న శత్రువుతో పోరాడుతున్న పేదల ఉద్యమానికి నాయకులు కావాలి. మేము నాయకులు వద్దనడం లేదు. నాయకత్వం పని. ఆ పనికి గడువు ఉండాలి, లెక్క ఉండాలి, దించే దారి ఉండాలి. ఆసనం అలా కాదు. దానికి గడువు లేదు, లెక్క లేదు. సంఘం ఇన్ని వందల ఏళ్లు బతికింది వారసులతో కాదు, పాతిమోక్ఖంతో.

మన ఇంటి సంగతి

శంభలలో జరిగినంత ఘోరాలు మన తెలుగు విహారాల్లో జరుగుతున్నాయని మేము అనడం లేదు. విత్తనాలు మాత్రం కళ్ల ముందే ఉన్నాయి. సంస్థ పుట్టినప్పటి నుంచీ ఒకరే అధ్యక్షుడు. కరపత్రంలో బుద్ధుడి బొమ్మ కంటే పెద్దది ఆయన బొమ్మ. చందా పుస్తకం ఒకే ఇంట్లో ఉంటుంది. అధ్యక్షుడికి ఒంట్లో బాగులేకపోతే కొడుకు 'కార్యనిర్వాహక అధ్యక్షుడు' అవుతాడు. విహార స్థలం ట్రస్టు పేరున ఉంటుంది, ట్రస్టులో ఉన్నవాళ్లంతా చుట్టాలే. మహిళా విభాగం ఉంటుంది, దాని పని ఖీర్ దానం. ఎవరైనా చెల్లెలు బాధ చెప్పుకోబోతే, ఉద్యమానికి చెడ్డపేరు తేవద్దమ్మా అనే పెద్దమనిషి ఒకరు ఎప్పుడూ సిద్ధంగా ఉంటారు. ఆ పెద్దమనిషే శంభల పాలకమండలి. దూరదేశపు కథ ఇంత దూరం చెప్పింది ఆయన్ను గుర్తుపట్టడానికే.

కాబట్టి ప్రతి విహారం, ప్రతి ఉపాసక సంఘం ముందు ఈ కోరికలు పెడుతున్నాం.

ఏ పదవీ జీవితకాలం ఉండకూడదు. గడువు రాసి పెట్టాలి, గడువు అయ్యాక దిగాలి. పదవిలో ఉన్నవారు తమ తర్వాతి వారి పేరు చెప్పకూడదు. వారి కుటుంబ సభ్యులు వెంటనే ఆ పదవికి రాకూడదు.

లెక్కలు ప్రతి ఏడాదీ ఉపాసకులందరి ముందూ చదివి వినిపించాలి.

ఫిర్యాదు వినడానికి ఒక కమిటీ ఉండాలి. అందులో సగానికి తగ్గకుండా స్త్రీలు ఉండాలి. అధ్యక్షుడికి లోబడని బయటివారు కూడా ఉండాలి. చీవరధారి మీద వచ్చిన ఫిర్యాదునూ అదే కమిటీ వినాలి.

నేరం నేరమే. పిల్లల మీద లైంగిక అఘాయిత్యం జరిగిందని తెలిస్తే పోలీసులకు చెప్పడం 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం తప్పనిసరి. సంఘంలో మాట్లాడుకుని సర్దుకుందాం అనడం అక్కడ చట్ట ఉల్లంఘన. స్త్రీల మీద జరిగిన నేరాల్లో, కేసు పెట్టాలా వద్దా అన్నది బాధితురాలి నిర్ణయం. పెద్దల నిర్ణయం కాదు. ఆమె వెంట స్టేషనుకు నడవడం మన పని.

చివరిది, పవారణను మళ్లీ బతికిద్దాం. ఆశ్వయుజ పూర్ణిమ నాడు వర్షావాసం ముగుస్తుంది. ఆ రోజు ప్రతి విహారంలో భంతేలు, అధ్యక్షులు, కార్యదర్శులు, కోశాధికారులు ఉపాసక ఉపాసికల ఎదుట నిలబడి, మాలో మీరు చూసిన తప్పు చెప్పండి అని అడగాలి. చెప్పినవారి మీద కక్ష కట్టబోమని అక్కడే మాట ఇవ్వాలి. ఇందుకు ఒప్పుకోని సంస్థకు చందా ఇవ్వకండి. కోసంబి ఉపాసకులు చేసిన పనే మనమూ చేద్దాం.

బాబాసాహెబ్ మనల్ని ఒక గురువు కాళ్ల దగ్గర నుంచి లేపి ఇంకో గురువు కాళ్ల దగ్గర కూర్చోబెట్టడానికి నాగపూర్ తీసుకెళ్లలేదు. బుద్ధం, ధమ్మం, సంఘం అని మూడు శరణాలు పలికించారు. ఆ మూడింటిలో ఏ అధ్యక్షుడి పేరూ లేదు, ఏ అధ్యక్షుడి కొడుకు పేరూ లేదు. నాలుగో శరణం చేర్చే హక్కు ఎవరికీ లేదు.

నమో బుద్ధాయ. జై భీమ్.